ఎర్ర చుక్కల సాక్ష్యం

“మెదా!”

దంతవైద్యురాలి కుర్చీలో, నోట్లో చిన్న అద్దం ఉండగానే, ఇరవై రెండు నెలల రేల్యా పెట్టిన కేక అది. పెట్టింది పొద్దున పదింటికి. మధ్యాహ్నం రెండు దాటినా ఆ కేక ఇంకా ఇల్లంతా తిరుగుతూనే ఉంది.

రేల్యా భాషలో మెదా అంటే వాడి ఎలుగుబంటి బొమ్మ. అదే మాట పెద్దవాళ్ళ చెవిలో పడితే తేనె. డాక్టర్ యాగొదా చెవులు పెద్దవాళ్ళవే కనుక, “ఓహో, తేనె కావాలా నాన్నా? ఎవరు పెడతారు నీకు తేనె?” అని ముద్దుగా అడిగింది. వాడు క్షణం ఆలస్యం చెయ్యకుండా చెయ్యి చాపి నాయనమ్మను చూపించాడు.

ఎలుగుబంటి నాయనమ్మ చేతిసంచిలో ఉంది మరి.

“బొమ్మనడిగాడు తియానా! బొమ్మను!” దెసాంకా ఈ ముక్క చెప్పడం ఇది పదకొండోసారి. “సంచిలోంచి దాని చెవి బయటికి కనిపిస్తోంది. వాడు చూపించింది ఆ చెవిని.”

“వాడు చూపించింది మిమ్మల్ని అత్తయ్యా.” కోడలు తియానా ఇంకా కోటయినా విప్పలేదు. “నిద్రపుచ్చేటప్పుడు నోట్లో పెట్టే పాలపీకకు తేనె రాస్తున్నారు. రాశానని ఒక్క మాట అంటే అయిపోయేదానికి ఎలుగుబంటిని సాక్ష్యానికి తెస్తారేమిటి?”

“ఆ తేనేదో ఎలుగుబంటే తినేసిందేమో,” అంది కిటికీ పక్కన కూర్చున్న స్తమేనా.

ఎనభై ఆరేళ్ళ స్తమేనా, దెసాంకాకు అత్తగారు, ఒళ్ళో దిండుగలీబు పెట్టుకుని అందులోంచి ఉల్లిపొట్టు ఏరుతోంది. ఉపవాసాల నలభై రోజులూ వంటింట్లో రాలిన పొట్టంతా అందులోనే దాచింది. రేపు పెద్ద శుక్రవారం, ఏసును శిలువ వేసిన రోజు. ఆ పొట్టు మరిగించిన నీళ్ళలోనే ఈస్టర్ గుడ్లకు రంగు పట్టాలి. ఎవరి కొంప అంటుకున్నా గుడ్డు రంగు తేలిపోకూడదని ఆవిడ పట్టు.

దెసాంకా బల్లకు ఆనుకుని నిలబడింది. కూర్చుంటే ముద్దాయిలా ఉంటుందనిపించింది.

క్రాల్యెవో బడిపిల్లల పళ్ళ ఆస్పత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి ఆమె. “నోరు తెరువు” అన్న రెండు మాటల మీద బతుకు వెళ్ళదీసింది. ప్రభుత్వానికి పన్ను ఎగ్గొట్టినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారేమో గానీ, దెసాంకాకు పన్ను ఎగ్గొట్టినవాడు ఒక్కడూ లేడు. ఇప్పటికీ మీసాలు నెరిసిన మగవాళ్ళు సంతలో ఎదురుపడితే పెదాలు బిగించి నవ్వుతారు, ఎక్కడ తెరవమంటుందోనని.

అలాంటిదాని మనవడికి ముందుపళ్ళ మీద మచ్చలు! పైవరసలో, చిగురు అంచు వెంబడి, నాలుగు పళ్ళకు నాలుగు. కిందివరస మాత్రం కడిగిన ముత్యాల్లా ఉంది. దానర్థం డాక్టరు చెప్పక్కర్లేదు. నోట్లో పీకతో నిద్రపోయే పిల్లల్లో కింది పళ్ళను నాలుక కప్పి కాపాడుతుంది. పై పళ్ళ మీద తీపి రాత్రంతా కాపురం చేస్తుంది.

మచ్చ పడింది మనవడి పంటి మీద. అంటింది మాత్రం దెసాంకా పేరుకు.

“డాక్టరు ఏమందో విన్నారుగా?” తియానా గొంతు పగిలింది. “ఈ రోజునుంచి తీపి ఆగితే మచ్చలు మచ్చలుగానే ఆగుతాయట. ఆగకపోతే నాలుగూ మత్తిచ్చి పీకాలట. రెండేళ్ళు నిండని పిల్లాడికి మత్తు! ఇక నావల్ల కాదు. సోమవారం పొద్దున బస్సుకి వీణ్ణి నీష్ తీసుకెళ్ళి మా అమ్మ దగ్గర వదులుతాను. చలికాలం వచ్చేదాకా అక్కడే ఉంటాడు.”

“నువ్వు వాణ్ణి వదిలి ఉండగలవా?”

“ఉండలేను. అయినా ఉంటాను. ఈ ఇంట్లో వాణ్ణి ఎవరి చేతిలో పెట్టాలో నాకు తెలియడం లేదు కాబట్టి.”

దెసాంకా కొడుకు వైపు చూసింది. టైర్ల కొట్టునుంచి అన్నానికి వచ్చిన ఉరోష్ చిక్కుడుగింజల పులుసులోకి మొహం దించేసి ఉన్నాడు. వాడి గిన్నె ఖాళీ అయ్యి చాలాసేపయింది. ఖాళీ గిన్నెలోంచే చెంచాతో తింటున్నాడు.

“నువ్వైనా చెప్పరా. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నావు. మీ అమ్మ పిల్లాడి పీకకు తేనె రాసే మనిషేనా?”

ఉరోష్ చెంచా పక్కన పెట్టాడు. మళ్ళీ తీశాడు.

“అమ్మా... ఒకవేళ ఇచ్చుంటే ఇచ్చానని చెప్పెయ్. ఎవరూ ఉరి తియ్యరుగా.”

వంటింట్లో ఉల్లిపొట్టు గలగల కూడా ఆగిపోయింది.

కోడలు అన్నదానికి దెసాంకాకు కోపం వచ్చింది. కొడుకు అన్నదానికి కోపం రాలేదు. కోపం వచ్చే చోట ఏదో ఖాళీ వచ్చింది, పన్ను పీకిన చోట నాలుకకు తగిలే ఖాళీ లాంటిది. నాలుక ఊరుకోదు, మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతుంది.

“మా రోజుల్లో గుడ్డముక్కలో పంచదార మూటకట్టి నోట్లో పెట్టేవాళ్ళం,” అని స్తమేనా మళ్ళీ పొట్టు అందుకుంది. “అందరికీ పళ్ళు రాలేదా ఏమిటి?”

“వచ్చాయి అత్తమ్మా,” అంది దెసాంకా. “మీకూ వచ్చాయి. ఇప్పుడవి గ్లాసులో ఉన్నాయి.”

అప్పుడే ఆమె మనసులో దోషి పేరు ఖరారైంది.

*

సాయంత్రం ఐదింటికి పళ్ళు తోమే వేళ.

మొదటి పన్ను మొలిచిన నాటినుంచి ఆ పని దెసాంకాదే. ఆ పన్ను మొదట చూసిందీ ఆమే. ఎవరి కంట ముందు పడితే వాళ్ళు ఆనవాయితీ ప్రకారం పిల్లాడి ఒంటిమీది చొక్కా చింపి కొత్తది తొడగాలి. దెసాంకా చింపింది, తెల్ల చొక్కా కుట్టి తొడిగింది. ఆ రోజునుంచే తడి గాజుగుడ్డ వేలికి చుట్టి తుడిచేది. తర్వాత బ్రష్ వచ్చింది. మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి, పిల్లాడి తల ఒళ్ళో పెట్టుకుని, పై పెదవి ఎడమ చూపుడువేలితో ఎత్తి, బియ్యపుగింజంత పేస్టుతో, వానపాట పాడుతూ తోమేది. పాట అయ్యేసరికి పళ్ళు అయ్యేవి.

ఆ రోజు తువ్వాలు పరిచి కూర్చుంది. రేల్యా పరుగున వచ్చి అలవాటు ప్రకారం వెల్లకిలా వాలబోయాడు.

తియానా వాణ్ణి గాల్లోనే అందుకుంది.

“ఇది కూడా నేనే చేసుకుంటాను.”

కుళాయి దగ్గర నిలబెట్టి బ్రష్ నోట్లో పెట్టింది. వాడు దాన్ని కరిచి పట్టుకున్నాడు. ఆమె లాగింది. వాడూ లాగాడు. పేస్టు గడ్డానికి పూసింది, చొక్కాకు పూసింది, కుళాయికి కూడా పూసింది. పళ్ళు తప్ప అన్నీ శుభ్రపడ్డాయి.

దెసాంకా చేతులు వాటంతటవే లేచాయి.

“తల వెనక్కి వాల్చుకోవాలమ్మా. పెదవి ఎత్తకపోతే చిగురు అంచు అందదు, ఆ మచ్చలు సరిగ్గా...”

“నాకు నేర్పకండి అత్తయ్యా!” తియానా తిరిగి చూసింది. కళ్ళనిండా నీళ్ళు. “మీరు నేర్పింది చాలు. మీరు ఇంత బాగా తోముతారని, ఊరంతా చెబితే, నేను ఒక్కరోజు కూడా ఆ పెదవి ఎత్తి చూడలేదు. అదీ నా తప్పు.”

ఆ మాటలో నింద ఉంది. నింద కింద ఇంకా మెత్తనిదేదో ఉంది. దాన్ని పట్టుకునేలోపు తియానా తువ్వాలుతో పిల్లాడి మొహం తుడిచేసింది.

ఆరింటికి ఆమె ఆస్పత్రి ల్యాబులో రాత్రి డ్యూటీకి బయల్దేరింది. గుమ్మంలో పిల్లాణ్ణి మొగుడి చేతికిస్తూ అంది. “పీక కడిగి పెట్టాను. ఉత్త పీకే. నువ్వే పడుకోబెట్టు, ఇంకెవరూ వద్దు. నీ దగ్గరైతే ఐదు నిమిషాల్లో పడుకుంటాడు, నా దగ్గరే గంట పడుతుంది.”

ఉరోష్ తల ఊపాడు.

దెసాంకా వంటింటి అలమర తెరిచింది. అడవి తేనె సీసా, తారులా నల్లగా, మూడో అరలో కూర్చుని ఉంది. పోయిన ఆదివారం నిండుగా ఉన్నది సగానికి దిగింది. ఆ పక్క గదే స్తమేనాది. ఆవిడ కోడి కంటే ముందు లేస్తుంది. పైన పిల్లాడు కుయ్‌మంటే, కర్ర కూడా లేకుండా మెట్లెక్కేస్తుంది. మోకాళ్ళ నొప్పులన్నీ పిండి పిసికేటప్పుడే.

సీసా దాచేస్తే తేనె ఆగుతుంది. సోమవారం బస్సు ఆగదు.

దెసాంకా తన గదిలోంచి చిన్న సీసా తెచ్చింది. ఎర్ర చుక్కల మందు. పిల్లల నాలుక మీద రెండు చుక్కలు వేసి పుక్కిలించమంటే, తోమని చోటల్లా గులాబి ఎరుపు పట్టుకుంటుంది. హాని చెయ్యదు, తొందరగా వదలదు. ఇప్పటికీ నెలకోసారి పసిపిల్లల బడికి వెళ్ళి వేసివస్తుంది. “నువ్వు అబద్ధం చెప్పొచ్చు బాబూ, ఎర్ర చుక్క చెప్పదు.” ముప్ఫై ఒక్క ఏళ్ళ పాఠం అది.

సీసా మూత తీశాక చెయ్యి ఆగిపోయింది. ఈ ఉచ్చు పని చెయ్యాలంటే ఇంకొక్క రాత్రి ఆ తేనె పిల్లాడి నోట్లోకి వెళ్ళాలి. తన మనవడి పళ్ళను తనే పందెం కాస్తోంది.

“ఒక్క రాత్రి,” అనుకుంది. “పొద్దున్నే నేను తోముతాను. వద్దన్నా తోముతాను.”

చుక్కలు పిండి, బాగా కలిపి, తేనె సీసాను మళ్ళీ మూడో అరలో పెట్టింది. నల్లటి తేనెలో ఎరుపు జాడ కూడా తెలియలేదు.

*

పెద్ద శుక్రవారం తెల్లారేసరికి వంటింట్లో ఉల్లిపొట్టు కుతకుత ఉడుకుతోంది.

దెసాంకా లోపలికి వస్తూనే అత్తగారి చేతులు చూసింది. వేళ్ళు, గోళ్ళు, మణికట్ల దాకా రంగే. కానీ గోధుమరంగు. పాత ఇటుక రంగు. కిటికీ దగ్గర పట్టి తిప్పితిప్పి చూసినా గులాబి ఎరుపు ఇసుమంత లేదు.

“చెయ్యి చూసి జాతకం చెబుతావా ఏమే?” అంది స్తమేనా. “ఈ వయసులో ఏముంటుంది, పైకి పోయే గీత తప్ప.”

దెసాంకాకు మతిపోయింది. రాత్రి ఎవరూ తేనె ముట్టలేదా? ముట్టకపోతే సోమవారం తన దగ్గర చూపించడానికి ఏముంటుంది?

అంతలో మెట్ల మీద ఈల వినిపించింది. ఉరోష్! పుట్టి బుద్ధెరిగాక ఎనిమిది గంటలలోపు లేవని వాడు, ఏడింటికే చొక్కా చేతులు మడిచి దిగుతున్నాడు.

“ఈ ఏడు గుడ్లకు రంగు నేను వేస్తా మామ్మా. తప్పుకో.”

“నువ్వా? పెళ్ళయ్యాక కూడా నీకు గుడ్డు ఉడకబెట్టి ఇచ్చేవాళ్ళు కావాలి!”

వాడు వినలేదు. గుడ్డుకు కొత్తిమీర ఆకు అంటించి, పాత మేజోడు ముక్కలో బిగించి ముడివేసి, కుండలోకి వదిలాడు. గరిటె ఉండగా చేత్తోనే పొట్టునీళ్ళు కలిపాడు. అబ్బా అని చెయ్యి విదిల్చి, మళ్ళీ ముంచాడు.

“అమ్మా, నిన్న నేనన్నది మనసులో పెట్టుకోకు,” అన్నాడు, తల ఎత్తకుండా. “పండగపూట మొహం అలా పెట్టకు. పక్కన నిలబడు. చిన్నప్పుడు నిలబడేదానివిగా.”

దెసాంకా వెళ్ళి పక్కన నిలబడింది. పొరపాటున నోరు జారాడు, పశ్చాత్తాపపడి తన కోసం తెల్లారే లేచి వచ్చాడు. తొమ్మిది నెలలు మోసినందుకు ఈ ఒక్క పొద్దు చాలనిపించింది. వాడి భుజం మీద చెయ్యి వేసింది.

“పిల్లాడేడిరా?”

“పడుకున్నాడు. లేపకు. రాత్రి... బాగా పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో.”

వీధి తలుపు చప్పుడయింది. డ్యూటీ దిగి వచ్చిన తియానా ఎవరినీ పలకరించకుండా తిన్నగా పైకి వెళ్ళింది.

లెక్కపెడితే పది అంకెలు కూడా అవ్వలేదు. పైనుంచి కేక.

ఆమె దిగి వచ్చేటప్పటికి ఒక చంకలో రేల్యా, వాడి చంకలో ఎలుగుబంటి. పిల్లాడి పెదాలు గులాబి ఎరుపు. పళ్ళు గులాబి ఎరుపు, అంచుల్లో మరీ చిక్కగా. ఎవరో గట్టిగా తుడవబోయినట్టు ఒక బుగ్గ నిండా చారలు. ఎలుగుబంటి మూతి కూడా ఎర్రగానే ఉంది. రేల్యా ఏం తిన్నా దానికి ఒక ముద్ద పెట్టకుండా తినడు.

“ఇదేమిటి?” తియానా గొంతు చాలా చిన్నగా ఉంది. “అత్తయ్యా, ఇదేమిటి? మీ మందు! ఈ ఊళ్ళో ఈ సీసా ఇంకెవరి దగ్గరుంది? నేను లేని రాత్రి, వద్దని చెప్పి వెళ్ళిన రాత్రి, మీరు పిల్లాడి దగ్గరికి వెళ్ళారు.”

దొంగను పట్టడానికి దెసాంకా పన్నిన ఉచ్చులో తన కాలే బిగుసుకుంది. తేనెలో ఎర్ర చుక్కలు వేసింది తనే. నిజమే. వేసినదాన్ని కాదని ఎలా అనగలదు?

సాయం కోసం పక్కకు చూసింది.

ఉరోష్ మొదటి గుడ్డు మేజోడులోంచి తీసి పట్టుకుని ఉన్నాడు. మొదటి గుడ్డు ఇంటికి కాపలా. ఏడాదంతా దేవుడి పటం కింద పెట్టుకునేది. ఇటుకరంగు గుడ్డు మీద తెల్లటి కొత్తిమీర ఆకు ఎంత అందంగా పడిందో!

ఇటుకరంగు గుడ్డు.

దాన్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం ఇటుకరంగు కాదు. పైపైన గోధుమరంగు పూత ఉంది, నిజమే. కానీ చూపుడువేలూ బొటనవేలూ, గోళ్ళ చుట్టూ, గోళ్ళ కిందా, గులాబి ఎరుపు. ఉల్లిపొట్టు వెయ్యిసార్లు మరిగించినా రాని ఎరుపు అది. ముప్ఫై ఒక్క ఏళ్ళు, రోజుకు ముప్ఫై నాలుకల మీద చూసిన ఎరుపు.

భుజం మీద వేసిన చెయ్యి ఎప్పుడు కిందికి జారిందో దెసాంకాకు తెలియలేదు.

పశ్చాత్తాపపడి లేవలేదు వాడు. చేతులు దాచుకోవడానికి లేచాడు. పక్కన నిలబడమన్నది ప్రేమతో కాదు. కుండను చూసే కళ్ళు చేతుల్ని చూడవని.

“చెయ్యి చాపు ఉరోష్,” అంది. బడిలో పిల్లలతో మాట్లాడే గొంతు అది.

“ఏమిటమ్మా... రంగేగా... గుడ్ల రంగు...”

“మీ మామ్మ చేతులు చూడు. నలభై రోజుల పొట్టంతా పిసికి మరిగించిన చేతులు. నువ్వు ముంచింది ఒక్క గుడ్డు. చెయ్యి చాపు.”

వాడు చాపలేదు. గుడ్డుతో సహా చెయ్యి వెనక్కి పోయింది. అదే సమాధానమైంది.

“తేనెలో మందు కలిపింది నేనే తియానా,” అంది దెసాంకా, కొడుకు మీంచి చూపు తిప్పకుండా. “ఎవరు ముంచుతారో వాళ్ళ వేళ్ళకు అంటుకోవాలని. పాపిష్టిదాన్ని, ఇంకొకరిని అనుమానించాను.”

“నన్నా?” అంది స్తమేనా.

“మిమ్మల్నే అత్తమ్మా.”

తియానా మొగుడి వైపు నడిచింది. చేతిలో పిల్లాడు ఉన్నాడు కాబట్టి మెల్లగా నడిచింది. “ఐదు నిమిషాల్లో పడుకుంటాడన్నావు.”

“ఏడుస్తాడు తియానా.” ఉరోష్ కుర్చీలో కూలబడ్డాడు. “నువ్వు డ్యూటీకి వెళ్ళిన ప్రతి రాత్రీ. తలుపు దగ్గర నిలబడి, చెప్పులు చూపించి, అమ్మా అమ్మా అని. గంట, రెండు గంటలు. ఒకరోజు పీకకు కాస్త తేనె రాశాను. ఆపేశాడు. నువ్వొచ్చి ఎలా పడుకున్నాడంటే ఐదు నిమిషాల్లో అన్నాను. నువ్వు ఎంత సంతోషపడ్డావో నీకు గుర్తులేదు. డ్యూటీలో ప్రశాంతంగా ఉండగలుగుతున్నానని అందరికీ చెప్పావు. ఆ తర్వాత ఎలా చెప్పను?”

“డాక్టరు చెప్పాక కూడా? నిన్న రాత్రి కూడా?”

“ఒక్క రాత్రి అనుకున్నాను. ఇదే ఆఖరు అనుకున్నాను.”

ఒక్క రాత్రి! ఆ మాట దెసాంకాకు సూదిలా గుచ్చుకుంది. అలమర ముందు నిలబడి తనూ అచ్చం ఇదే అనుకుంది.

“నిన్న మధ్యాహ్నం ఇదే బల్ల దగ్గర,” అంది ఆమె, “నన్ను ఒప్పుకోమన్నావు. నీ తప్పును నన్ను ఒప్పుకోమన్నావు. ఎందుకురా?”

కుండలో పొట్టునీళ్ళు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి.

“తియానా క్షమించదు అనుకున్నాను,” అన్నాడు ఉరోష్. “నువ్వైతే... ఎలాగూ ఓర్చుకుంటావు అనుకున్నాను.”

దెసాంకా తల ఊపింది. ఏదో చిరునామా చెబితే విన్నట్టు ఊపింది.

“పీకకు తేనె రాయాలని ఎవరు నేర్పారు నీకు? నా ఇంట్లో పెరిగి?”

వాడి చూపు కిటికీ వైపు పోయింది.

స్తమేనా దిండుగలీబు మడత పెడుతోంది. మడత పెట్టడం అయిపోయాక మళ్ళీ విప్పి మడత పెట్టింది.

“నేను వాడికి నేర్పలేదు,” అంది. “వాడికి పెట్టాను. నాలుగేళ్ళు. నువ్వు ఊళ్ళో పిల్లల పళ్ళు చూడ్డానికి పొద్దున్నే పోయేదానివి. వీడు ఇదే గుమ్మం దగ్గర పడి పొర్లేవాడు. నాకు పాట రాదు. నాకు తేనె వచ్చు.”

“అత్తమ్మా...”

“మూడో ఏడు నిండేసరికి వాడి ముందుపళ్ళు నాలుగూ నల్లబడ్డాయి. నువ్వు ఏడ్చావు. నర్సు కొడుకు నోరు చూడండి అని నలుగురూ అంటున్నారని ఏడ్చావు. చెబుదామనుకున్నాను. నీ మొహం చూసి భయమేసి, మా వంశం పళ్ళే మెత్తన అనేశాను. నువ్వు నమ్మావు. నమ్మాక ఇంకేం చెప్పను?”

దెసాంకా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. నిన్నంతా కూర్చోనిది ఇప్పుడు కూర్చుంది. పోయిన మొగుడు మిలొరాద్, బల్లకు ఆ చివర కూర్చుని గడ్డం గోక్కునే మిలొరాద్ గుర్తొచ్చాడు.

“చచ్చేదాకా ఆ మనిషిని దెప్పాను,” అంది. “కొడుక్కి ఆస్తి ఇవ్వకపోయినా పుచ్చుపళ్ళు ఇచ్చారు అని. పెళ్ళిళ్ళలో, నలుగురిలో. పాపం, నవ్వేవాడు. నోరు మూసుకుని నవ్వేవాడు.”

“మిలొరాద్‌కు తెలుసు,” అంది స్తమేనా మెల్లగా. “నేనే చెప్పొద్దన్నాను.”

బల్ల చుట్టూ ఎవరికీ ఎవరి మొహమూ చూసే ధైర్యం లేదు. దాచినవాళ్ళు ముగ్గురు, ముప్ఫై ఏళ్ళు, ఒకే తేనె సీసా. అన్నేళ్ళూ తెలియనిది ఆ ఇంట్లో ఒక్కదానికే, ఊరందరి నోళ్ళూ తెరిపించినదానికి.

“మెదా,” అన్నాడు రేల్యా.

బొమ్మ వాడి చంకలోంచి జారి నేల మీద పడింది. వాడు అమ్మ చంకలోంచి కిందికి వంగి, రెండు చేతులూ చాపి, ఎర్రటి నోరంతా తెరిచి, “మెదా!” అని నిన్నటి కేకే పెట్టాడు. తేనె సీసా అలమరలో, తలుపు తెరిచే ఉంది, వాడి మొహానికి ఎదురుగా. వాడు అటు చూడనైనా చూడలేదు.

తియానా వంగి ఎలుగుబంటిని తీసి ఇచ్చింది. వాడు దాని ఎర్రమూతి తన బుగ్గకు ఆనించుకుని ఊరుకున్నాడు.

“బొమ్మే,” అంది తియానా, అందరికీ వినబడేలా. “నిన్న వాడు అడిగింది బొమ్మనే. చూపించింది సంచిలో చెవినే. అత్తయ్య పదకొండుసార్లు చెప్పారు. నేను వినలేదు. ఈయన విన్నాడు. విని ఊరుకున్నాడు.”

ఆమె పిల్లాణ్ణి తెచ్చి దెసాంకా ఒళ్ళో కూర్చోబెట్టింది. క్షమించండి అనలేదు. తువ్వాలూ బ్రష్షూ తెచ్చి పక్కన పెట్టింది. తర్వాత మెట్ల కిందినుంచి పెట్టె లాక్కొచ్చి బల్ల మీద తెరిచింది. నీష్ ప్రయాణానికి సర్దిన పెట్టె. పిల్లాడి బట్టలు ఒక్కొక్కటే బయటికి తీసింది. అన్నిటికంటే అడుగున, మొదటి పన్నునాటి తెల్లచొక్కా. దాన్ని దెసాంకా భుజం మీద వేసింది.

పెట్టె ఖాళీ అయింది. తియానా దాన్ని మూయలేదు. పైకి వెళ్ళి, ఒక చేతి నిండా చొక్కాలతో దిగింది. మగ చొక్కాలు.

“ఏం చేస్తున్నావు?” ఉరోష్ లేచి నిలబడ్డాడు.

“సోమవారం బస్సులో సీటు అలాగే ఉంది. నీష్‌లో మా అమ్మ ఇంటికి వెళ్ళి నువ్వే ఉండు. ఆవిడ ఇంట్లో తేనె ఉండదు. మొహమాటం కూడా ఉండదు.”

“తియానా! అమ్మా, నువ్వు చెప్పు. నువ్వు చెబితే వింటుంది.”

నిన్న ఇదే బల్ల దగ్గర, ఇదే మాట తను వాణ్ణి అడిగింది. నువ్వైనా చెప్పరా, అని.

తియానా చేతిలో ఆఖరి చొక్కా ఆగింది. ఆమె కూడా దెసాంకా వైపే చూస్తోంది. కిటికీ దగ్గర స్తమేనా కూడా. ఒళ్ళో రేల్యా అలవాటు ప్రకారం వెల్లకిలా వాలి, పాట కోసం ఎదురుచూస్తూ, ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరినీ తెరవమన్న దెసాంకా, ముందు మనవడి పై పెదవి ఎత్తి, నాలుగు పళ్ళూ వరసగా, తీరిగ్గా తోమింది. బ్రష్ కడిగింది. తువ్వాలు మడిచింది.

అప్పుడు కొడుకు మొహంలోకి చూస్తూ తన నోరు తెరిచింది. “ఈసారి నేను ఓర్చుకోనురా, బస్సెక్కు.”